పాత ల్యాప్‌టాప్‌లో నాయిన.. గోడ మీది టీవీలోకి ఎట్లా వచ్చాడు?

నాయిన సంవత్సరికం ఇంకో నాలుగు రోజులుందనగా హైదరాబాద్ నుంచి ఇంటికి వచ్చాను. మాది సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్). ఆ బ్రాకెట్లో 'ఎస్' ఏమిటని కొత్తవాళ్లు అడుగుతుంటారు. తెలుగు నేల మీద ఆత్మకూర్లు చాలానే ఉన్నాయి. నెల్లూరు వైపు ఒకటి, నంద్యాల వైపు ఒకటి, వనపర్తి దగ్గర ఒకటి, మోత్కూరు పక్కన ఇంకొకటి. వాటిలో కలిసిపోకుండా మా ఊరికి సూర్యాపేట గుర్తుగా 'ఎస్' తగిలించారు.

బ్యాగు కింద పెట్టానో లేదో అమ్మ అటక మీదికి చూపించింది.

"గా డబ్బాల మీ నాయిన ఉన్నడు గద బిడ్డా.. గీ పెద్ద టీవీల సూపియ్యరాదు?"

డబ్బా అంటే నా పాత ల్యాప్‌టాప్. 2012లో నేను ఇంజినీరింగ్ చదువుతున్నప్పుడు నాయిన పత్తి అమ్మిన పైసలతో కొనిచ్చింది. మరుసటి ఏడాది చెల్లె పెండ్లయింది. పెండ్లి వీడియో డీవీడీలు మూడింటినీ అప్పుడే అందులోకి ఎక్కించి పెట్టాను. ఆ తర్వాత డీవీడీలు చుట్టాల చేతులు మారి మారి గీతలు పడిపోయాయి. నాయిన ఫొటోలు ఇంట్లో బోలెడు ఉన్నాయి. ఆయన నడిచేది, నవ్వేది, మాట్లాడేది మాత్రం ఆ ఒక్క వీడియోలోనే ఉంది. అమ్మకు చూపు తగ్గింది. ల్యాప్‌టాప్ తెర మీద మనుషులు చీమల్లాగా కనబడతారంటుంది. ముందు గదిలో గోడకు 43 అంగుళాల స్మార్ట్ టీవీ ఉంది. ఈ తెరలోంచి ఆ తెరలోకి వీడియో పోవాలి. అంతే కదా అనుకున్నాను. 'అంతే కదా' అనుకున్న పనికే మూడు రోజులు పట్టింది.

మీ ఇంట్లోనూ ఇట్లాంటి పాత ల్యాప్‌టాప్ ఏ బీరువాలోనో, బియ్యం డబ్బా మీదనో ఉండే ఉంటుంది. అందుకే మా మూడు రోజుల కష్టం మీకు మూడు గంటల్లో తీరేలా ఈ సంగతులన్నీ రాస్తున్నాను.

తొందరపడి కొన్నది

మొదట వైరు ప్రయత్నం చేశాం. ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంది కానీ వదులైపోయింది. వైరును చేత్తో నొక్కి పట్టుకుంటే బొమ్మ వస్తుంది, వదిలితే పోతుంది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి టీవీకి పెట్టాం. 'ఈ ఫైలు చెల్లదు' అన్నది టీవీ.

ఇక వైర్‌లెస్సే దిక్కని సూర్యాపేట పోయాను. ఒక దుకాణంలో "ల్యాప్‌టాప్‌ను టీవీలో చూడాలె, వైరు లేకుండా" అని అడిగితే అగ్గిపెట్టెంత డాంగిల్ ఒకటి చేతిలో పెట్టారు. పదిహేను వందలు. ఇంటికొచ్చి టీవీ వెనక హెచ్‌డీఎంఐలో పెట్టి, కరెంటు కోసం దాని తోక యూఎస్‌బీలో పెట్టాం. టీవీ మీద బొమ్మ వచ్చింది, పేరు వచ్చింది, 'కనెక్ట్ చేయండి' అన్నది. నా ఫోన్ క్షణంలో కలిసింది. ల్యాప్‌టాప్ మాత్రం అటువైపు తిరిగి కూడా చూడలేదు.

దుకాణం ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ డాంగిల్ పని చేస్తుంది. కాకపోతే అది మాట్లాడే భాష నా ల్యాప్‌టాప్‌కు రాదు. మందు కొనుక్కొచ్చాక రోగమేమిటని చూసుకున్నట్టయింది నా పని.

వైర్‌లెస్ ఒకటి కాదు, మూడు

అసలు మెలిక ఇక్కడే ఉంది. 'వైరు లేకుండా టీవీకి కలపడం' అని మనం ఒక్క మాటలో అంటాం కానీ అందులో మూడు వేర్వేరు పనులున్నాయి. నీళ్లతో పోల్చి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటిది అద్దం పట్టడం. ల్యాప్‌టాప్ తెర మీద ఏముంటే అదే టీవీలో కనిపించడం. ల్యాప్‌టాప్ బిందెలతో నీళ్లు మోసి టీవీ ఇంట్లో పోస్తున్నట్టన్న మాట. ప్రతి క్షణం తెరను ఫొటో తీసినట్టు తీసి, కుదించి, గాలిలో పంపాలి. మోసేవాడికి సత్తువ ఉండాలి. ముసలి ల్యాప్‌టాప్ అయితే ఆయాసపడుతుంది, ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది, టీవీలో బొమ్మ అర క్షణం వెనక నడుస్తుంది.

రెండోది కాస్టింగ్. యూట్యూబ్ లాంటి వాటిలో కనిపించే గుర్తు నొక్కితే, ల్యాప్‌టాప్ ఆ వీడియో చిరునామా మాత్రమే టీవీకి చెబుతుంది. టీవీయే నేరుగా ఇంటర్నెట్ అనే బావికి పోయి తోడుకుంటుంది. ఇక్కడ ల్యాప్‌టాప్ చేసేది రిమోట్ పని మాత్రమే. నీళ్లు మోసే కష్టం దానికి లేదు.

మూడోది ఫైలు పంచుకోవడం. వీడియో ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. టీవీ వచ్చి ల్యాప్‌టాప్ గాబులోంచి ముంచుకుని తానే ఆడించుకుంటుంది. ల్యాప్‌టాప్ తలుపు తీసి పెడితే చాలు. తెరను ఫొటోలు తీయక్కర్లేదు, కుదించక్కర్లేదు. ముసలి ల్యాప్‌టాప్‌కు ఇంతకన్నా సుఖమైన దారి లేదు.

కాబట్టి ఏదైనా కొనేముందు మిమ్మల్ని మీరు అడగాల్సిన మాట: నేను టీవీలో చూపించాల్సింది ఏమిటి? తెర మొత్తమా, ఇంటర్నెట్‌లోని వీడియోనా, ల్యాప్‌టాప్‌లోని ఫైలా? మాకు కావలసింది ఫైలు. నేను పైసలు పెట్టింది అద్దానికి.

ల్యాప్‌టాప్ వయసు చూడాలి

అద్దం పట్టే పద్ధతికి మిరాకాస్ట్ అని పేరు. వై-ఫై పరికరాలకు ప్రమాణాలు పెట్టే వై-ఫై అలయన్స్ 2012 సెప్టెంబర్‌లో దాన్ని తెచ్చింది. ల్యాప్‌టాప్, టీవీ రెండూ మధ్యలో రౌటర్ లేకుండానే నేరుగా కలుసుకుంటాయి. మైక్రోసాఫ్ట్ 2013 అక్టోబర్‌లో విడుదల చేసిన విండోస్ 8.1లో దీన్ని లోపలే పెట్టింది. విండోస్ 10లోనూ ఉంది. విండోస్ 7లో లేదు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఆ విండోస్ 7.

అయితే విండోస్ మార్చుకుంటే సరిపోతుందా? అదీ కాదు. లోపలి గ్రాఫిక్స్ చిప్, వై-ఫై కార్డు, వాటి డ్రైవర్లు మూడూ ఒప్పుకోవాలి. ఏ ఒక్కటి మొండికేసినా పని జరగదు. 2012 కంటే ముందు తయారైన వాటిలో చాలావాటికి ఈ అదృష్టం లేదు. బయటి నుంచి కొత్త యూఎస్‌బీ వై-ఫై కొని పెట్టినా గ్రాఫిక్స్ చిప్ పాతదైతే అంతే సంగతులు.

మిరాకాస్ట్‌కు ముందు ఇంటెల్ కంపెనీది వైడై అని ఒకటి ఉండేది. 2010 జనవరిలో లాస్ వేగాస్ ప్రదర్శనలో చూపించారు. ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ చిప్, ఇంటెల్ వై-ఫై కార్డు ఉండాలి, టీవీకి ఒక ప్రత్యేకమైన డబ్బా తగిలించాలి. మిరాకాస్ట్ వచ్చాక దాని అవసరం తీరిపోయింది, ఇంటెల్ కూడా దాన్ని ఆపేసింది. ఇప్పటికీ కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల మీద ఆ స్టిక్కర్ కనిపిస్తుంది. దాన్ని చూసి ఆశపడకండి.

మీ ల్యాప్‌టాప్‌కు ఆ సత్తా ఉందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. విండోస్ 10 ఉంటే కీబోర్డ్ మీద విండోస్ గుర్తున్న కీ, 'కె' కలిపి నొక్కండి. పక్కన కనెక్ట్ అని తెరుచుకుని చుట్టుపక్కల టీవీలను వెతికితే సరే. మిరాకాస్ట్ లేదని చెబితే అక్కడితో ఆగిపోండి. ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే విండోస్ కీ, 'ఆర్' నొక్కి, వచ్చిన గడిలో 'డీఎక్స్‌డయాగ్' అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. కింద 'సేవ్ ఆల్ ఇన్ఫర్మేషన్' నొక్కితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో మిరాకాస్ట్ అన్న వరుస వెతికితే 'అవైలబుల్' అనో 'నాట్ అవైలబుల్' అనో ఉంటుంది. దుకాణానికి పోయేముందు ఈ రెండు నిమిషాలు ఖర్చు పెడితే నా పదిహేను వందలు నాకు మిగిలేవి.

మాకు దొరికిన దారి

రెండో రోజు పొద్దున మా మేనల్లుడు వచ్చాడు. ఆరో తరగతి. నేను చెప్పిందంతా విని, "మామా, మరి టీవీల వీఎల్‌సీ ఉందా?" అన్నాడు.

నారింజ రంగు ట్రాఫిక్ కోన్ బొమ్మ ఉంటుందే, ఆ వీఎల్‌సీ. 1996లో పారిస్ శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు తమ హాస్టల్ నెట్‌వర్క్‌లో వీడియోలు చూసుకోవడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టులోంచి పుట్టింది. ఇప్పటికీ ఉచితమే. మన కంప్యూటర్‌లో అందరం వాడాం కానీ, ఆండ్రాయిడ్ టీవీలోనూ అది దొరుకుతుందని నాకు తట్టలేదు. టీవీ ప్లే స్టోర్‌లోంచి దించుకున్నాం.

ఇక ల్యాప్‌టాప్ వైపు పని. 2009లో వచ్చిన విండోస్ 7లోని మీడియా ప్లేయర్‌లోనే ఫైళ్లను ఇంట్లోని మిగతా పరికరాలకు పంచే ఏర్పాటు ఉంది. దాని వెనక ఉన్న ప్రమాణం డీఎల్‌ఎన్‌ఏ. సోనీ, ఇంటెల్ లాంటి కంపెనీలు 2003లో కలిసి కూర్చుని మొదలుపెట్టింది. ఆ సంస్థ 2017లో మూతపడింది. కానీ అది నేర్పిన భాష మాత్రం టీవీలలో, ప్లేయర్లలో ఇంకా బతికే ఉంది. పెద్దాయన పోయినా ఆయన పెట్టిన పద్ధతి ఇంట్లో నడుస్తున్నట్టు.

మేం చేసిన పని వరుసగా ఇది.

ఒకటి: ల్యాప్‌టాప్, టీవీ రెండింటినీ ఒకే వై-ఫైకి కలిపాం. విండోస్ 7 'ఇది ఏ రకం నెట్‌వర్క్' అని అడిగినప్పుడు 'హోమ్' అని ఎంచుకోవాలి. 'పబ్లిక్' అంటే తలుపులన్నీ మూసుకుంటుంది.

రెండు: విండోస్ మీడియా ప్లేయర్ తెరిచి, పైన 'స్ట్రీమ్' నొక్కి, 'టర్న్ ఆన్ మీడియా స్ట్రీమింగ్' అన్నాం. వచ్చిన పట్టికలో టీవీ పేరు ఎదురుగా 'అలౌడ్' అని ఉందో లేదో చూశాం.

మూడు: పెండ్లి వీడియో ఉన్న ఫోల్డర్‌ను 'వీడియోస్' లైబ్రరీలో చేర్చాం.

నాలుగు: టీవీలో వీఎల్‌సీ తెరిచి 'బ్రౌజింగ్'లోకి పోతే నా ల్యాప్‌టాప్ పేరు కనిపించింది. లోపలికి పోయాం. ఫొటోలున్నాయి, పాటలున్నాయి, కాలేజీ రోజుల పిచ్చి వీడియోలున్నాయి. పెండ్లి వీడియో ఒక్కటే లేదు.

మళ్లీ నెత్తి పట్టుకుని కూర్చున్నాం. కారణం చిన్నదే. డీవీడీలోంచి తీసిన వీడియో ఫైళ్ల పేరు చివర 'వీఓబీ' అని ఉంటుంది. ఒక్కోటి దాదాపు ఒక జీబీ వరకు, ముక్కలు ముక్కలుగా ఉంటాయి. మీడియా ప్లేయర్ ఆ తోకను చూసి 'ఇది మన కులం కాదు' అని పక్కన పెట్టేస్తుంది. లోపల ఉన్నది మాత్రం మామూలు ఎంపెగ్-2 వీడియోనే. అందుకని ఆ ఫైళ్లకు ఇంకో నకలు తీసి, నకలు పేరు చివర 'వీఓబీ' తీసేసి 'ఎంపీజీ' అని పెట్టాం. అసలువాటిని ముట్టుకోలేదు. పేరు చివరి తోక కనిపించకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో 'హైడ్ ఎక్స్‌టెన్షన్స్' దగ్గర టిక్ తీసేయాలి. పది నిమిషాల తర్వాత టీవీలో పెండ్లి వచ్చి కూర్చుంది.

మీది విండోస్ 10 అయి, టీవీకి ఈ భాష ముందే వస్తే ఇంత తతంగం కూడా ఉండదు. వీడియో ఫైలు మీద మౌస్ కుడి బటన్ నొక్కి 'కాస్ట్ టు డివైస్' అంటే టీవీ పేరు కనిపిస్తుంది. దాన్ని నొక్కడమే.

పెన్‌డ్రైవ్ సంగతి కూడా చెప్పాలి. టీవీలో వీఎల్‌సీ పెట్టాక, ముందు చెల్లదన్న పెన్‌డ్రైవ్ వీడియోలు కూడా ఆడాయి. ఒక్క సినిమానో, ఒక్క వీడియోనో చూడాలంటే పెన్‌డ్రైవే సులువు. మాకు మాత్రం ల్యాప్‌టాప్‌లో పదేళ్ల ఫొటోలు, వీడియోలు ఉన్నాయి. అమ్మ మంచంలో కూర్చుని ఏది కావాలంటే అది చూడాలంటే గాబు మొత్తం తెరిచి పెట్టడమే మేలనిపించింది.

నెట్ లేకపోయినా నడుస్తుంది

మా ఇంట్లో రౌటర్ లేదు. చాలా ఊళ్లలో చాలా ఇళ్లలో అంతే. మేం వాడింది చెల్లె ఫోన్‌లోని హాట్‌స్పాట్. చెల్లె ముందే ఒక మాట అన్నది. "అన్నా, నా డేటా అంత అయిపోతది సూడు. రోజుకు రెండు జీబీలే."

భయపడాల్సిన పని లేదు. ల్యాప్‌టాప్ నుంచి టీవీకి వీడియో ఇంట్లో ఇంట్లోనే తిరుగుతుంది. ఫోన్ మధ్యలో నిలబడి ఇటు తీసుకుని అటు ఇస్తుంది, అంతే. బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేదు. నమ్మకం కుదరక మేనల్లుడు ఫోన్‌లో డేటా ఆపేశాడు, హాట్‌స్పాట్ మాత్రం ఉంచాడు. వీడియో ఆగలేదు. ఒక నిండు డీవీడీలో 4.7 జీబీల దాకా ఉంటుంది. మూడు డీవీడీల పెండ్లిని యూట్యూబ్‌లోకి ఎక్కించి చూడాలంటే ఎన్ని రోజుల డేటా కావాలో లెక్క వేసుకోండి. ఇక్కడ ఒక్క ఎంబీ కూడా ఖర్చు కాలేదు. డేటా అయ్యిందల్లా టీవీలో వీఎల్‌సీ దించుకున్నప్పుడే.

హాట్‌స్పాట్‌తో మాత్రం రెండు చిక్కులు వస్తాయి. కొత్త ఫోన్లు హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్ మీద ఇస్తుంటాయి. పాత ల్యాప్‌టాప్‌లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే చూడగలవు. మీ ల్యాప్‌టాప్‌కు హాట్‌స్పాట్ పేరే కనిపించకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ను 2.4కి మార్చండి. పేరు కనిపించినా కలవకపోతే సెక్యూరిటీ దగ్గర 'డబ్ల్యూపీఏ3' ఉందేమో చూసి 'డబ్ల్యూపీఏ2' చేయండి. ఇవి రెండూ ల్యాప్‌టాప్ చెడిపోయిందని మనల్ని నమ్మించే చిక్కులు. నిజానికి అది చెడిపోలేదు. కొత్త తాళానికి పాత తాళంచెవి పట్టలేదంతే. అన్నీ సరిగ్గా ఉన్నా రెండూ ఒకదాన్నొకటి చూడకపోతే, కొన్ని ఫోన్లు, కొన్ని రౌటర్లు తమకు కలిసిన పరికరాలను ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వవు. అప్పుడు ఇంట్లో ఇంకో ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించండి.

వీడియో ఆగి ఆగి వస్తుంటే ఫోన్‌ను టీవీకీ ల్యాప్‌టాప్‌కూ మధ్యలో పెట్టండి. మందమైన గోడ అడ్డం ఉంటే వేగం పడిపోతుంది.

పాఠాల కోసమైతే కాస్టింగ్

మా సంగతి పెండ్లి వీడియో. మీ ఇంట్లో అవసరం పిల్లల చదువు కావచ్చు. 2020 సెప్టెంబర్ 1న మన రాష్ట్రంలో 3 నుంచి 10వ తరగతి వరకు పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో మొదలైనప్పుడు ఎన్ని ఇళ్లలో టీవీ ముందు చాప పరిచారో గుర్తుంది కదా. ఇద్దరు పిల్లలు, ఒకే ఫోన్, ఆ ఫోన్ పట్టుకుని తండ్రి పొలం పోతే పాఠం పోయినట్టే. టీవీ ఉన్నా ఆ గంట దాటితే మళ్లీ రాని పాఠం.

ఇప్పుడా బాధ లేదు. టీ-శాట్ పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు నిపుణ ఛానెల్ పాఠాలూ ఉన్నాయి. ఆండ్రాయిడ్ లేదా గూగుల్ టీవీ ఉంటే, విండోస్ 10 ఉన్న ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి, పాఠం మీది కాస్ట్ గుర్తు నొక్కితే టీవీలో మొదలవుతుంది. దీనికి మిరాకాస్ట్ అక్కర్లేదు. ఈ పద్ధతిని 2013 జూలైలో గూగుల్ 35 డాలర్ల క్రోమ్‌కాస్ట్ పుల్లతో ఇంటింటికీ తెచ్చింది. ఆ పుల్ల తయారీని 2024లో ఆపేశారు. ఇప్పుడు చాలా టీవీలలో ఆ సౌకర్యం లోపలే ఉంటోంది.

పాఠం కాకుండా బ్రౌజర్ పేజీనే చూపించాలంటే క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి 'కాస్ట్' ఎంచుకోవచ్చు. కానీ అప్పుడు మళ్లీ బిందెలు మోసే పని ల్యాప్‌టాప్ మీద పడుతుంది. పాతదైతే కొంచెం తడబడుతుంది. ఇంకో సంగతి, కాస్టింగ్‌లో టీవీ స్వయంగా ఇంటర్నెట్ వాడుతుంది. హాట్‌స్పాట్ మీద అయితే డేటా బాగానే ఖర్చవుతుంది.

వైరు నామోషీ కాదు

ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ రంధ్రం మంచిగా ఉంటే కొన్ని వందల రూపాయల కేబుల్‌ను మించింది లేదు. బొమ్మ ఆగదు, మాట వెనకబడదు. విండోస్ కీ, 'పి' నొక్కి 'డూప్లికేట్' అంటే చాలు. ఇంకా పాత ల్యాప్‌టాప్ అయితే 15 పిన్నుల నీలం రంగు వీజీఏ రంధ్రం మాత్రమే ఉంటుంది. 1987 నాటి పద్ధతి అది. అందులోంచి బొమ్మ వస్తుంది, మాట రాదు. దానికి వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్ కొనాలి. ఆడియో వైరు కూడా ఉన్నది చూసి తీసుకోండి. దుకాణంలో రెండు రకాలుంటాయి, చూడడానికి ఒకే తీరుగా ఉంటాయి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చేది తెచ్చుకుంటే అది మనకు తిరగబడిన చెప్పు.

ఈ మూడూ మర్చిపోవద్దు

మొదటిది భద్రత. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న మద్దతు ఆపేసింది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. అట్లాంటి ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు, పాస్‌వర్డ్‌లు పెట్టుకోవద్దు. వీడియోలు, ఫొటోలు చూసుకోవడానికి ఇంట్లో నెట్ లేకుండా వాడుకుంటే భయం తక్కువ.

రెండోది, పని అయిపోయాక స్ట్రీమింగ్ ఆపేయండి. తలుపు తెరిచి పెట్టి నిద్రపోవద్దు. అందరూ వాడే వై-ఫై మీద ఈ పని అసలే చేయొద్దు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పదేళ్లు దాటిన హార్డ్‌డిస్క్ ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. మాది ఆడుతుంటే సన్నగా టిక్ టిక్ మని చప్పుడు వస్తోంది. టీవీకి కలిపే పనిలో పడి నేను మొదటి రోజంతా ఆ సంగతే పట్టించుకోలేదు. ముందు చేయాల్సింది అదే. ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మీకు విలువైనవి ఏమున్నాయో చూసి, రెండు చోట్ల నకలు తీయండి. టీవీ సంగతి తర్వాత. ల్యాప్‌టాప్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, అందులోది పోతే ఎక్కడ కొంటాం?

సంవత్సరికం నాటి సాయంత్రం

చుట్టాలంతా తిని పోయాక, సాయంత్రం ఆరింటికి ముందు గదిలో చాప పరిచాం. ల్యాప్‌టాప్ లోపలి గదిలో ప్లగ్గు దగ్గర ఉంది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి దాన్ని అక్కడి నుంచి కదిలించలేం. వైరు లేకపోవడం మాకు అక్కరకొచ్చింది అక్కడే. మేనల్లుడు టీవీ రిమోట్ పట్టుకున్నాడు.

జీలకర్ర బెల్లం అయింది, తలంబ్రాలు అయినయి. పన్నెండేండ్ల కిందటి మనుషులు ఒక్కొక్కరే వచ్చిపోయారు. చెల్లె తన పెండ్లి చీర చూసి నవ్వింది. అమ్మ మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. కళ్లు చికిలించి వెతుకుతూనే ఉంది. నాయిన ఫొటోలు దిగే చోట ఎప్పుడూ లేడు.

మూడో డీవీడీలో భోజనాల బంతి వచ్చింది. భుజం మీద తువ్వాల, చేతిలో పప్పు బకెట్టు. వీడియో తీసేవాడు దగ్గరికి పోతే నాయిన సిగ్గుపడి మొహం తిప్పుకుని, బంతిలో కూర్చున్న ముసలాయనతో అన్నాడు: "ఇంకింత పెట్టుకో మామా, సిగ్గుపడకు."

"ఆపు.. గక్కడ ఆపు" అన్నది అమ్మ.

మేనల్లుడు ఆపాడు. తెర నిండా నాయిన, వంగి వడ్డిస్తున్నాడు. అమ్మ లేచి టీవీ దగ్గరికి పోయి చూసింది. కొంచెం సేపాగి వెనక్కి తిరిగి, "బొమ్మ గాదురా, మాట ఇనవడాలె. మళ్లొకసారి పెట్టు" అన్నది.

ఆ ముక్క ఆ రాత్రి ఎన్నిసార్లు పెట్టామో లెక్కలేదు. ఉన్నది పది సెకన్లే. పొద్దున హైదరాబాద్ బస్సు ఎక్కేముందు ఆ పది సెకన్లు కోసి అమ్మ ఫోన్‌లోనూ, చెల్లె ఫోన్‌లోనూ, నా ఫోన్‌లోనూ పెట్టాను. ల్యాప్‌టాప్‌ను మళ్లీ అటక మీద పెట్టబోతే అమ్మ పెట్టనియ్యలేదు. ఇప్పుడది టీవీ కింద బల్ల మీదే ఉంది, బతుకమ్మ పండుగకు కుట్టిన పూల గుడ్డ కప్పుకుని.